సలోమే ఒపేరాను మార్కు సువార్త పక్కన పెట్టుకొని చూడటం ఎలా

మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో, హేరోదు రాజు పుట్టినరోజు విందులో నాట్యమాడిన అమ్మాయికి పేరు లేదు. మొదట ఆమె హేరోదు భార్య హేరోదియ కుమార్తె, ఆ తరువాత ఆ కథ ముగిసేదాకా ‘చిన్నది’. ఏ పాటకు ఆడిందో, ఏం కట్టుకొని ఆడిందో, ఎంతసేపు ఆడిందో సువార్తికుడు రాయలేదు. ‘నాట్యమాడి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టాడు. 1905లో జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ఒపేరా (మాటలన్నీ పాటగా సాగే నాటకం) రంగస్థలం మీదికి వచ్చేసరికి ఆ ఒక్క మాట తొమ్మిది, పది నిమిషాల వాద్యసంగీతమైంది, పేరు లేని చిన్నది సలోమే అయింది, తల్లి అడగమన్నది అడిగిన పిల్ల తన కోరిక కోసమే ఒక ప్రవక్త తలను కోరిన స్త్రీ అయింది.

ఆ ఒపేరాను ప్రసారంలో చూడబోయేవారికి, చూస్తూ బైబిలు కథల్లోని స్త్రీల గురించి నిదానంగా ఆలోచించదలచినవారికి ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. చూసే పద్ధతి ఒకటే. కథలో తప్పు ఎవరిదని మనకు చిన్నప్పటినుంచి చెప్పారో కాసేపు పక్కన పెట్టి, ఎవరు అడిగారు, ఎవరు ఒట్టు పెట్టుకున్నారు, ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎవరి చేతిలో ఏముంది అన్న నాలుగు సంగతులను సువార్తలోనూ రంగస్థలం మీదా విడివిడిగా గమనించాలి. ఈ నాలుగూ రెండుచోట్లా ఒకటి కావు, అసలు ఆసక్తి అంతా ఆ తేడాలోనే ఉంది.

చూడటానికి ముందు

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా తన ప్రదర్శనలను సినిమా హాళ్ళకు ప్రత్యక్షంగా పంపడం 2006 డిసెంబరు 30న మొజార్ట్ ‘మాయా వేణువు’తో మొదలుపెట్టింది. అదే సంస్థ 2025 మే 17న ‘సలోమే’ను ప్రసారం చేసింది, క్లాస్ గూత్ దర్శకత్వం, యానిక్ నెజే-సెగాఁ సంగీత నిర్వహణ, సలోమేగా దక్షిణాఫ్రికా గాయని ఎల్జా వాన్ డెన్ హీవర్, ఆ కథలో తల పోగొట్టుకునే ప్రవక్త, బాప్తిస్మమిచ్చు యోహానుగా పీటర్ మట్టెయ్. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇలాంటి ప్రసారాలు ఊళ్ళో సినిమా హాలు దాకా వస్తాయి. మిగిలినవారికి ఆ సంస్థ చందా తీసుకొని ఇంటర్నెట్‌లో చూపించే పాత ప్రదర్శనల భాండారం ఉంది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు న్యూయార్క్‌లో తెర లేచిందంటే వేసవిలో మనకు రాత్రి 10:30, చలికాలంలో 11:30. రేడియోలోనో మరోచోటో ప్రత్యక్షంగా వినాలనుకునేవారు ఆ లెక్క ముందే వేసుకోవాలి. నా మటుకు రికార్డు చేసిన ప్రదర్శనే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఈ ఒపేరాను రెండుసార్లు చూడాలి, కొన్ని చోట్ల వెనక్కి తిప్పుకోవాలి.

పద్యనాటకాలు చూసి పెరిగినవారికి ఒపేరా అంత పరాయిదేమీ కాదు. అక్కడా కథ అందరికీ ముందే తెలుసు, కథ కోసం కాక ఆ పాత్రధారి ఆ ఘట్టాన్ని ఎలా పాడతాడో వినడానికే జనం వస్తారు. తేడా ఏమిటంటే ‘సలోమే’లో చప్పట్ల కోసం ఆగే చోటు లేదు, ‘వన్స్ మోర్’ అనే వీలు లేదు. సుమారు గంటా నలభై నిమిషాలు విరామం లేకుండా ఒకే అంకంగా సాగిపోతుంది. కాబట్టి భోజనం ముందే ముగించండి. గొంతులకు మైకులు ఉండవు. వంద మందికి పైగా వాద్యకారులున్న బృందాన్ని దాటి గాయని గొంతు వినపడాలి, ఆ పెనుగులాటే సగం నాటకం. ఫోన్ స్పీకరులో అది వినపడదు, మంచి హెడ్‌ఫోన్స్ అయినా పెట్టుకోవాలి. పాట జర్మన్ భాషలో ఉంటుంది, కింద ఇంగ్లీషు మాటలు వస్తుంటాయి. మొదటిసారి వాటిని పూర్తిగా చదవాలన్న పట్టుదల వద్దు, ముఖాలు చూడండి.

ఇక బైబిలు. మార్కు సువార్త 6వ అధ్యాయం 14 నుంచి 29 వరకు ఉన్న పదహారు వచనాలను పైకి చదవండి. మౌనంగా చదివితే మనకు తెలిసిన కథే కళ్ళముందుకు వచ్చి, రాసి ఉన్నది కనపడకుండా పోతుంది. చదువుతూ పైన చెప్పిన నాలుగు సంగతులను కాగితం మీద రాసుకోండి. అడిగినది: అమ్మాయి, కానీ ముందు బయటికి వెళ్ళి తల్లిని ‘ఏమి అడగమంటావు’ అని అడిగాక. ఒట్టు పెట్టుకున్నది: రాజ్యంలో సగం వరకైనా ఇస్తానన్న హేరోదు. ఆజ్ఞ ఇచ్చినది: చాలా దుఃఖపడి కూడా, ఒట్టు నిమిత్తమూ తనతో పంక్తిలో కూర్చున్నవారి నిమిత్తమూ కాదనలేక, బంట్రౌతును పంపిన అదే హేరోదు. చేతిలో ఉన్నది: బంట్రౌతు తల తెచ్చి చిన్నదానికి ఇచ్చాడు, చిన్నది తల్లికి ఇచ్చింది. ఆ పళ్ళెం ఆమె చేతిలో ఉన్నది సగం వచనం సేపు మాత్రమే. ఈ ముక్కను గుర్తుపెట్టుకోండి, ఒపేరా చివర్లో దీనితో పని ఉంది.

తెలుగు బైబిలు మనకు ఇక్కడ ఒక మేలు చేసింది. ‘చిన్నది’ అన్న మాటను ఒక్క పుట వెనక్కి తిప్పితే మరోసారి చూస్తాం. యాయీరు కుమార్తె చనిపోయినప్పుడు యేసు ఆమె చెయ్యి పట్టుకొని ‘తలీతాకుమీ’ అన్నాడు, ‘చిన్నదానా, లెమ్ము’ అని దాని అర్థం. ఆమె వయసు పన్నెండేళ్ళని అక్కడే ఉంది. గ్రీకు మూలంలోనూ ఈ ఇద్దరికీ ఒకటే మాట వాడారు, కొరాసియోన్. ఒక చిన్నదాన్ని తండ్రి ప్రేమ లేపి నిలబెట్టించింది, ఇంకొక చిన్నదాన్ని పెద్దలు విందులో నిలబెట్టారు. మార్కు ఈ రెండు కథలనూ వరస అధ్యాయాల్లో చెప్పాడు. అయితే ఈ మాటను పట్టుకొని నాట్యమాడిన అమ్మాయికి పన్నెండేళ్ళేనని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఎస్తేరును కూడా ఇదే మాటతో పిలిచారు, ఆమె పెళ్ళికి ఎదిగిన పిల్ల. ఈ మాట వయసును తేల్చదు, కానీ మగవాళ్ళను మాయచేసే ప్రౌఢను మాత్రం మన కళ్ళముందు నుంచి తప్పిస్తుంది.

మరి సలోమే అన్న పేరు ఎక్కడిది? మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ హేరోదియకు సలోమే అనే కుమార్తె ఉందని రాశాడు. కానీ నాట్యం సంగతి అతడు ఎత్తలేదు. యోహాను వెనక జనం పోగవుతుంటే తిరుగుబాటు వస్తుందేమోనన్న భయంతో హేరోదు అతన్ని మృత సముద్రానికి తూర్పున ఉన్న మాకేరస్ కోటలో చంపించాడని అతడి కథనం. సువార్తలో నాట్యం ఉండి పేరు లేదు, జోసీఫస్‌లో పేరు ఉండి నాట్యం లేదు. తరవాతి తరాలు రెంటినీ ముడివేశాయి.

గుంటూరులో నలభై ఏళ్ళు సండే స్కూలు పాఠాలు చెప్పిన మా పెద్దమ్మ పక్కన కూర్చొని నేను ఈ ఒపేరా రికార్డు చూశాను. తెర మీద ‘సలోమే ఈ రాత్రి ఎంత అందంగా ఉంది’ అని మొదటి వాక్యం కనపడగానే ఆమె కళ్ళజోడు సర్దుకొని, ‘సలోమే సమాధి దగ్గరకు సుగంధ ద్రవ్యాలు తీసుకెళ్ళినామె కదరా, ఈ పిల్లకు ఆ పేరెందుకు పెట్టారు?’ అని అడిగింది. నేను అంతకుముందు ఎన్ని వ్యాసాలు చదివినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మార్కు సువార్తలో సలోమే అన్న పేరు గల స్త్రీ ఉంది, ఆమె వేరు. సిలువ దగ్గర దూరంగా నిలబడి చూసిన స్త్రీలలో ఆమె ఒకరు. సలోమే అంటే ఇవాళ ప్రపంచానికి గుర్తొచ్చేది ఆ శిష్యురాలు కాదు.

చూస్తున్నప్పుడు

స్ట్రాస్ నేరుగా సువార్త నుంచి తీసుకోలేదు. ఐర్లండు రచయిత ఆస్కార్ వైల్డ్ 1891లో ఫ్రెంచి భాషలో రాసిన నాటకాన్ని హెడ్విగ్ లాహ్‌మన్ జర్మన్‌లోకి మార్చగా, ఆ అనువాదాన్నే కొంత కుదించి సంగీతం కూర్చాడు. బైబిలు పాత్రలను రంగస్థలం మీద చూపకూడదన్న కట్టుబాటు వల్ల ఆ నాటకానికి 1892లో లండన్‌లో అనుమతి దొరకలేదు; 1896లో పారిస్‌లో తొలిసారి ఆడినప్పుడు వైల్డ్ జైల్లో ఉన్నాడు. ఒపేరా 1905 డిసెంబరు 9న డ్రెస్డెన్‌లో రంగస్థలం మీదికి వచ్చింది. తొలి సలోమే మారీ విట్టిష్ తాను మర్యాదస్తురాలినంటూ నాట్యం చెయ్యడానికి నిరాకరిస్తే ఆ పది నిమిషాలూ ఒక నర్తకి ఆమె బదులు ఆడింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ 1907 జనవరి 22న ఒక్కసారి ప్రదర్శించి, పెద్దల ఆగ్రహానికి జడిసి ఆపేసింది. అక్కడ మళ్ళీ 1934 వరకూ ఆడలేదు. ఇప్పుడు వేల తెరల మీద చూపుతున్నదీ ఆ సంస్థే.

తెర లేవగానే క్లారినెట్ ఒక్కటి పాములాగా పైకి పాకుతుంది, పూర్వరంగం అంటూ ఏమీ లేదు. వెన్నెల రాత్రి, హేరోదు రాజగృహం ముందరి అరుగు, కిందనున్న నీటితొట్టిలో ఖైదీగా యోహాను. ఒపేరాలో అతని పేరు యోఖనాన్. లోపల విందు జరుగుతోంది. సలోమే బయటికి వచ్చి మొదట చెప్పేది, తన తల్లి భర్త తనవైపు అదేపనిగా ఎందుకు చూస్తున్నాడని. ఈ మాటను జారనివ్వకండి. సంగీతం తీయగా ఉండటం వల్ల చాలామంది దీన్ని దాటిపోతారు.

తరవాత ఆమె కోరిక మీద యోఖనాన్‌ను పైకి తీసుకొస్తారు. సువార్తలో అమ్మాయీ యోహానూ ఒకరినొకరు చూసుకోనేలేదు. యోహాను ఆ కథలో పలికిన మాట ఒక్కటే, అదీ హేరోదుతో: నీ సహోదరుని భార్యను చేర్చుకోవడం నీకు న్యాయం కాదు. వేలు చూపినది మగవాడివైపు, రాజువైపు. ఒపేరాలో యోఖనాన్ సలోమేను బబులోను కుమార్తె అని తిడతాడు, స్త్రీ వల్లనే లోకంలోకి చెడు వచ్చిందంటాడు. ఈ మాట మార్కులో ఎంత వెతికినా దొరకదు, దాన్ని ప్రవక్త నోట పెట్టినవాడు నాటకకర్త. మట్టెయ్ లాంటి గొప్ప గాయకుడు ఆ మాటను నిండు గొంతుతో, దైవవాక్కులాగా పాడేసరికి అది గ్రంథంలోనిదేనని నమ్మేస్తాం. చేతిలోని కాగితంతో పని పడేది సరిగ్గా ఇక్కడే.

మధ్యలో అయిదుగురు యూదులు దేవుణ్ణి గురించి వాదులాడుకునే ఘట్టం వస్తుంది. స్ట్రాస్ దాన్ని హాస్యంగా, గొంతులు కీచుమనేలా రాశాడు. యూదులను ఎగతాళి చేసే ఆనాటి యూరపు అలవాటు అందులో ఉంది. నవ్వు రాకపోతే మీ తప్పు కాదు.

హేరోదు నాట్యం చెయ్యమని అడిగినప్పుడు సువార్తకూ ఒపేరాకూ ఉన్న తేడాలు ఒక్కొక్కటే బయటపడతాయి. మార్కులో అమ్మాయి ఆడాక రాజు మెచ్చి ఒట్టు పెట్టుకున్నాడు. ఒపేరాలో ఒట్టు ముందు, నాట్యం తరవాత, అంటే ఆమె బేరం ఆడుకొని ఆడింది. మార్కులో తల్లే కోరికను చెప్పి పంపింది. ఒపేరాలో తల్లి ఆడవద్దని వారిస్తుంది, కూతురు మాత్రం తల్లి మాట విని కాదు, తన సంతోషం కోసమే యోఖనాన్ తల వెండి పళ్ళెంలో కావాలంటుంది. రాజు పచ్చలు, తెల్ల నెమళ్ళు, చివరికి పరిశుద్ధ స్థలపు తెర కూడా ఇస్తానంటాడు, ఆమె అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతుంది. అన్నింటికంటే సూక్ష్మమైన మార్పు ఆజ్ఞ దగ్గర ఉంది, చాలా ప్రసారాల్లో రెప్పపాటులో వెళ్ళిపోతుంది: అలసి కూలబడ్డ హేరోదు వేలినుంచి మరణ ముద్రికను హేరోదియ తీసుకొని సైనికుడికి ఇస్తుంది. సువార్తలో బంట్రౌతును పంపినది రాజే. వైల్డూ స్ట్రాసూ కలిసి కోరికను కూతురి మీదికి, ఉంగరాన్ని భార్య చేతిలోకి మార్చి, రాజుకు దుఃఖం మాత్రం మిగిల్చారు.

ఇక ఏడు తెరల నాట్యం, అంటే ఒంటి మీది ఏడు ముసుగులను ఒక్కొక్కటే తీసేస్తూ ఆడేది. వైల్డ్ నాటకంలో ఇది ఒక్క వాక్యపు రంగసూచన. ఏడు తెరలన్న మాట బైబిలులో లేదు. స్ట్రాస్ కూడా మిగిలినదంతా రాశాక చివర్లో దీన్ని సమకూర్చాడు. ఈ నాట్యాన్ని ప్రసారంలో చూడటానికీ హాల్లో కూర్చొని చూడటానికీ ఒక పెద్ద తేడా ఉంది. హాల్లో మన చూపు మన చేతిలో ఉంటుంది, కావాలంటే నర్తకిని వదిలేసి హేరోదియ ముఖం చూడవచ్చు. ప్రసారంలో ఎక్కడ చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది, అది ఎక్కువసేపు నర్తకి శరీరాన్నే చూపిస్తే మనం విందులో కూర్చున్న సహస్రాధిపతుల పంక్తిలోకి చేరిపోయినట్టే. కాబట్టి మొదటిసారి చూశాక నాట్యాన్ని వెనక్కి తిప్పి, కెమెరా ఎవరిని ఎంతసేపు చూపింది, హేరోదు ముఖాన్ని ఎన్నిసార్లు చూపింది అని గమనించండి. నేను చూసిన ఒక పాత రికార్డులో, పది నిమిషాల్లో రాజు ముఖం కనపడిన సమయం వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతే.

2025 ప్రదర్శనను నేను సిఫారసు చేసేది ముఖ్యంగా ఈ ఘట్టం కోసమే. గూత్ కథను విక్టోరియా రాణి కాలపు చీకటి మేడలోకి తెచ్చి, సలోమే పక్కన వేర్వేరు వయసుల్లోని ఆమెనే ఆరుగురు బాలికలుగా నిలబెట్టాడు. పెద్ద సలోమేతో కలిపి ఏడుగురు. తెరలు తొలగించడం బదులు, పసితనం నుంచి ఆ ఇంట్లో ఆ పిల్లకు ఏం జరిగిందో ఒక్కొక్కరూ చూపిస్తారు. నాట్యం వినోదం కాకుండా సాక్ష్యం అవుతుంది. గూత్ సువార్తకు దగ్గరగా వెళ్ళాలని ఇలా చేశాడని నేను అనను, అతని దారి మనస్తత్వశాస్త్రం దారి. అయినా ఆ చిన్నపిల్లలు తెరమీద నిలబడగానే ‘చిన్నది’ అన్న మన తెలుగు మాటే నాకు తట్టింది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: పిల్లలపై అత్యాచారాన్ని ఇది నేరుగా సూచిస్తుంది. ఇంట్లో చిన్నవాళ్ళతో కలిసి చూసేది కాదు. ఇలాంటి గాయం ఉన్నవారు తోడు లేకుండా చూడకపోవడం మంచిది.

తలారి తొట్టిలోకి దిగాక వాద్యాలన్నీ అణిగిపోతాయి. డబుల్ బాస్ అనే పెద్ద తంతివాద్యం మీద తీగను గట్టిగా నొక్కి పట్టి వాయించే, నొక్కిపెట్టిన మూలుగు లాంటి హెచ్చు స్వరం ఒక్కటే అప్పుడప్పుడు వినపడుతుంది. సలోమే తొట్టి అంచున వంగి ఎందుకు అరుపు వినపడటం లేదని తనలో తాను మాట్లాడుకుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోమన్నది దీనికోసమే.

తరవాత పళ్ళెం వస్తుంది. మా పెద్దమ్మ అప్పటిదాకా ఒళ్ళో పెట్టుకొని ఉన్న జంతికల పళ్ళేన్ని చప్పుడు కాకుండా పక్కనున్న స్టూలు మీద పెట్టేసింది. తెరమీద సలోమే ఆ తలతో పావుగంటకు పైగా మాట్లాడుతుంది, నిందిస్తుంది, లాలిస్తుంది, ప్రేమ రహస్యం మరణ రహస్యం కంటే గొప్పదంటుంది, పెదవులను ముద్దాడుతుంది. సువార్తలో సగం వచనం సేపు పట్టుకొని తల్లికి ఇచ్చేసిన పళ్ళేన్ని ఇక్కడ ఎవరికీ ఇవ్వదు. ఆ సంగీతం అంత అందంగా ఉండటమే చూసేవారికి ఇబ్బంది, దాన్ని దాచుకోనక్కరలేదు. నిజం చెప్పాలంటే ఈ స్త్రీకి ఒక లోపలి గొంతు ఉందని మార్కు చెప్పని చోట ఒపేరా చెప్పింది. అది వికారమైన గొంతే కావచ్చు, కానీ అప్పటిదాకా ఆ గదిలో అందరూ ఆమెను చూసినవారే తప్ప విన్నవారు లేరు. ఆఖరున హేరోదు ‘ఆ స్త్రీని చంపండి’ అని అరుస్తాడు, సైనికులు డాళ్ళ కింద ఆమెను నలిపేస్తారు. ప్రవక్త మరణానికి ఉంగరం వదిలేసి ఊరుకున్న రాజుకు అమ్మాయిని చంపించేటప్పుడు మాత్రం ఆజ్ఞ ఇచ్చే గొంతు తిరిగి వచ్చింది.

చూశాక

వెంటనే చర్చ పెట్టకండి, మరునాడు మళ్ళీ అవే పదహారు వచనాలు చదవండి. ఈసారి మీరు ముందు చూడనివి కనపడతాయి. నాకు కనపడినది నా వాదానికే అడ్డు వచ్చింది. మార్కు కథనంలో తల్లి అడగమన్నది యోహాను తలను మాత్రమే. ‘ఇప్పుడే’, ‘పళ్ళెములో’ అన్నవి ఆ చిన్నది రాజు దగ్గరకు త్వరగా వెళ్ళి తనంతట తాను చేర్చిన మాటలు. మత్తయి సువార్త 14వ అధ్యాయంలో ఆ పళ్ళెం కూడా తల్లి నేర్పినదే. మార్కును మాత్రమే నమ్మితే ఆ అమ్మాయి పూర్తిగా అమాయకురాలు కాదేమో. విందులో ఏది వచ్చినా పళ్ళెంలోనే వస్తుంది కనుక పిల్ల అలా అడిగిందనీ చదవవచ్చు, క్రూరత్వం తల్లి నుంచి కూతురికి అప్పటికే దిగిందనీ చదవవచ్చు. రెండు చదువులకూ చోటు ఉందని ఒప్పుకోవడం నిజాయితీ. అయితే ఏ చదువులోనూ హేరోదు ఆజ్ఞ ఇంకొకరి చేతికి పోదు.

జోసీఫస్ చెప్పిన సలోమే డాళ్ళ కింద చావలేదు. రెండుసార్లు పెళ్ళాడింది, రెండో భర్త అరిస్టొబులస్‌తో ముగ్గురు కొడుకులను కన్నది. అతడు చిన్న ఆర్మీనియాకు రాజైనప్పుడు వేయించిన నాణేల మీద ఒకవైపు అతని ముఖం, రెండోవైపు ‘సలోమే రాణి’ అన్న గ్రీకు అక్షరాలతో ఆమె ముఖం ఉన్నాయి. మ్యూజియంల వెబ్‌సైట్లలో ఆ నాణెం ఫొటో దొరుకుతుంది. ఒపేరా చూసిన వారంలోనే దాన్ని చూడమని నా సలహా. అరిగిపోయిన కంచు మీద మామూలు ఇల్లాలి ముఖం.

ఈ పద్ధతి పట్టుబడ్డాక వేరే కథలకూ వాడండి. ఒట్టు దగ్గర మొదలుపెడితే దారి సులువు. రాజ్యంలో సగం ఇస్తానన్న మాట హేరోదుకు ముందే ఎస్తేరు గ్రంథంలో అహష్వేరోషు రాజు నోట ఉంది. అక్కడ కోరినది స్త్రీయే, కోరినది తన జనుల ప్రాణాలు. అదే గ్రంథం మొదటి అధ్యాయంలో, తాగి ఉన్న రాజు తన అందాన్ని అతిథులకు చూపించమని పిలిస్తే రానని చెప్పి రాణి పదవి పోగొట్టుకున్న వష్తి ఉంది. హేరోదు విందును చూశాక ఆమె నిరాకరణ ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. న్యాయాధిపతులు 11వ అధ్యాయంలో యెఫ్తా అనే సేనాని యుద్ధంలో గెలిచి ఇంటికి వస్తే మొదట ఎదురువచ్చినదాన్ని బలి ఇస్తానని మొక్కుకున్నాడు. ఎదురు వచ్చినది తంబురలతో నాట్యమాడుతూ ఒక్కగానొక్క కూతురు. ఆమెకూ పేరు లేదు. హాండెల్ 1752లో తన సంగీతరూపకంలో ఆమెకు ఇఫిస్ అని పేరు పెట్టి, చివర్లో దేవదూతను దింపి ప్రాణం కాపాడాడు. బైబిలులో దేవదూత రాలేదు, ఏటా నాలుగు రోజులు ఇశ్రాయేలు అమ్మాయిలు ఆమెను తలచుకునేవారని ఉంది. వరాలిచ్చినవాడు దశరథుడైనా నింద కైకమ్మకే మిగిలిన సంగతి మనకు కొత్త కాదు కనుక, ఒట్ల లెక్క తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

బలమంతా వెంట్రుకల్లో ఉన్న సమ్సోనును శత్రువులకు పట్టించిన దెలీలా కథ ఇంకొక రకం. కమీయ్ సేన్-సాన్స్ ‘సమ్సోను, దెలీలా’ 1877 డిసెంబరు 2న జర్మనీలోని వైమార్‌లో తొలిసారి ఆడింది. మెట్రోపాలిటన్ దాన్నీ 2018 అక్టోబరులో సినిమా హాళ్ళకు ప్రసారం చేసింది. న్యాయాధిపతులు 16వ అధ్యాయంలో ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరూ 1100 వెండి నాణేలు ఇస్తామన్నారు, ఆమె ఆ బేరానికి ఒప్పుకుంది. ఒపేరాలో ప్రధాన యాజకుడు బంగారం ఇవ్వబోతే ఆమె తీసుకోదు, తన దేవతల కోసమూ పగతోనూ చేస్తానంటుంది. డబ్బు కోసం చేసినదా, జాతి కోసం చేసినదా? రెండో అంకంలో ఆమె పాడే ప్రేమగీతాన్ని వింటూ, గ్రంథం ఆమెను ఫిలిష్తీయురాలని ఎక్కడా అనలేదన్న సంగతి గుర్తుచేసుకోండి. తల వెంట్రుకలు క్షౌరం చేసినది కూడా ఆమె పిలిపించిన ఒక మనిషి. కత్తెర దెలీలా చేతిలో పెట్టినవారు చిత్రకారులు.

సంఘంలో స్త్రీల కూడికలో నలుగురితో కలిసి చర్చించాలనుకుంటే ఒపేరా మొత్తం చూపించే ప్రయత్నం వద్దు, గంటా నలభై నిమిషాలు జర్మన్ పాట వినే ఓపిక అందరికీ ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. యోఖనాన్ సలోమేను తిట్టే ఘట్టం, ఉంగరం తీసే ఘట్టం, ఈ రెండు చాలు. ముందు వచనాలు చదివించండి, తరవాత దృశ్యం చూపించండి, ఆపైన ‘ఇందులో ఏది మన గ్రంథంలో లేదు?’ అన్న ఒక్క ప్రశ్న వెయ్యండి. ప్రసంగాల్లో సలోమే, దెలీలా హెచ్చరిక ఉదాహరణలుగానే వినిపించి ఉంటారు కనుక మొదట్లో మౌనం ఉంటుంది. నా అనుభవంలో ఆ మౌనాన్ని ముందుగా తెంచేది వయసులో పెద్దవాళ్ళు.

చివరగా మార్కు 16వ అధ్యాయం మొదటి వచనం కూడా చదివించండి. విశ్రాంతి దినం గడిచాక మగ్దలేనే మరియ, యాకోబు తల్లియైన మరియ, సలోమే యేసు దేహానికి పూయడానికి సుగంధ ద్రవ్యాలు కొన్నారు. మా పెద్దమ్మ ఈ వచనాన్ని బైబిలు తెరవకుండానే చెప్పింది, చెప్పి స్టూలు మీది జంతికల పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.